సంపాదకుడికి మాత్రమే

చనిపోయిన హెల్మి చేత పని చేయించుకున్నారు. అది జరిగింది. దాని మీద వాదించడానికి ఏమీ లేదు. ఆర్విడ్ టోలెఫ్సన్ ఎవరితోనూ వాదించలేదు కూడా.

హెల్మి అతని భార్య. రక్తానికి సంబంధించిన జబ్బులు చూసే డాక్టరు. అమెరికా ఉత్తరాన ఉన్న డులూత్ ఊళ్ళో రక్తపరీక్షకు ఆమె ముందు చేయి చాపని ముసలివాళ్ళు తక్కువ. ఆర్విడ్ కూడా డాక్టరే కానీ రోగులను చూడడం ఎప్పుడో మానేశాడు. సరస్సు ఒడ్డున పాత ధాన్యపు వ్యాపారుల భవనంలో, పై అంతస్తులో, ఆ ప్రాంతపు డాక్టర్ల సంఘం నడిపే వైద్యపత్రికకు అతను సంపాదకుడు. పెద్ద పత్రిక కాదు. అయినా అందులో పడిన మాటను పట్టుకుని ఇనుప గనుల ఊళ్ళలోనూ అడవి పక్క క్లినిక్కుల్లోనూ డాక్టర్లు మందులు మారుస్తారు. అందుకని ఆర్విడ్ ప్రతి వ్యాసాన్నీ అనుమానంతోనే తెరిచేవాడు.

అతను గోధుమ పొలాల మధ్య ఒకే గది ఉన్న బడిలో చదువుకున్నాడు. ఆ బడిలో పంతులమ్మ తప్పు లెక్కను చెరిపేసేది కాదు. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, సాయంత్రం దాకా బోర్డు మీద అలాగే ఉంచేది. చేసినవాడితో సహా అందరూ చూడాలి. సంపాదకుడి పని అంతకంటే వేరు కాదని ఆర్విడ్ నమ్మకం.

పత్రికకు వ్యాసం వస్తే ఆ విషయం తెలిసిన డాక్టర్లకు పంపుతారు. వాళ్ళు చదివి, తప్పులు పట్టి, వేయవచ్చో కూడదో చెబుతారు. ఎవరు చదివారో రాసినవాళ్ళకు తెలియనివ్వరు. పరిశీలకులు నింపే పత్రంలో రెండు గళ్ళు ఉంటాయి. మొదటి గడి రాసినవాళ్ళకు పంపడానికి. రెండో గడి మీద 'సంపాదకుడికి మాత్రమే' అని ఉంటుంది. అందులో ఉన్నది ఎవరికీ చూపించరు.

హెల్మి ఏళ్ళ తరబడి ఆ పత్రికకు పరిశీలకురాలు. ఏ వ్యాసం ఇచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే. 'చనిపోయినవాళ్ళు ఏ పట్టికలో ఉన్నారు?' మందు పని చేసిందని రాసేవాళ్ళు బతికినవాళ్ళ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. పోయినవాళ్ళను 'మధ్యలో మానేసినవారు' అనో 'జాడ తెలియనివారు' అనో పేరు పెట్టి, పట్టిక అడుగున చిన్న అక్షరాల్లోకి తోసేస్తారు. హెల్మి వాళ్ళను వెతికి వెలుగులోకి లాగేది.

రెండో గడిలో మాత్రం మొగుడికి రాసేది. 'సూప్ కింది అరలో ఉంది, వేడి చేసుకో.' 'మఫ్లర్ లేకుండా వంతెన దాటకు.' ఆ వ్యాసాల మీద నిర్ణయం ఉపసంపాదకుడిది. సంపాదకుడి భార్య చూసిన వ్యాసాన్ని సంపాదకుడు తాకకూడదన్న నియమం రాసింది ఆర్విడే. అతను చదువుకునేది ఆ రెండో గడి ఒక్కటే.

చివరి రెండేళ్ళు ఆమె మంచం మీదే ఉంది. టోబియాస్ ఎంగ్‌స్ట్రోమ్ అనే కుర్ర డాక్టరు, ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు, మంచం పక్కన కూర్చుని ఆమె చెప్పింది టైపు చేసేవాడు. ఆర్విడ్ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అతను కోటు తొడుక్కుంటూ ఎదురయ్యేవాడు. ఆ రెండేళ్ళలో రెండో గడి మరీ మెత్తబడింది. ఎదురుగా ఉన్నప్పుడు అనని మాటలు అందులో రాసేది. సరస్సు మీద మంచు విరిగే రోజుల్లో ఆమె పోయింది.

పరిశీలకుల పట్టీలోంచి ఆమె పేరు తీసేయాలి. తీయాల్సింది ఆర్విడ్. తీయలేదు.

*

మరుసటి ఏడాది నవంబరులో ఒక పొద్దున బెర్నీ తలుపు కొట్టకుండా లోపలికి వచ్చింది. బెర్నడెట్ కుచ్తా పత్రిక ఆఫీసు నడిపే మనిషి. ఆర్విడ్ కంటే ముందునుంచీ అక్కడ ఉంది. ఎవరినీ లెక్కచేయదు.

"కూర్చునే ఉన్నావుగా?" అంది.

"నిలబడి చదివే వయసు దాటిపోయింది."

"అయితే లేవకు. ఒక పరిశీలన వచ్చింది. పేరు నువ్వే చూడు."

కాగితం బల్ల మీద పెట్టి ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుంది. ఆర్విడ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. పరిశీలకురాలి పేరు హెల్మి టోలెఫ్సన్.

మొదటి గడి మొదటి వాక్యం 'చనిపోయినవాళ్ళు ఏ పట్టికలో ఉన్నారు?' దాని కింద ఆమె పద్ధతిలోనే, ఆమె విరుపులతోనే, వ్యాసాన్ని అతుకుకు అతుకు విప్పి పెట్టి ఉంది. అతని చూపు కింది గడికి దిగింది. రెండో గడిలో ఒక్క ముక్క ఉంది. 'పొయ్యి మీద గిన్నె పెట్టి చదవడం మొదలుపెట్టకు ఆర్విడ్. మాడుతుంది.'

ఆ పొద్దున ఓట్స్ గిన్నె మాడింది. ఆ కంపు ఇంకా అతని చొక్కా చేతికి ఉంది.

"ఎవరో ఆటలాడుతున్నారు. ఆ దరిద్రుడెవడో తేలితే మెట్ల మీంచి నేనే తోస్తాను" అంది బెర్నీ.

"కంప్యూటరు పాతదేదో కక్కి ఉంటుంది."

"వ్యాసం వచ్చింది పోయిన నెల. కంప్యూటరే పట్టీ చూసుకుని, దాన్ని పరిశీలించమని ఆవిడకి పిలుపు పంపింది, అది దాని అలవాటు. మరి జవాబెవరిచ్చారు?"

"తలుపు వేసి వెళ్ళు బెర్నీ."

ఏం చేయాలో ఆర్విడ్‌కు తెలుసు. ఆ పరిశీలనను పక్కన పెట్టాలి. సంఘానికి చెప్పాలి. పేరు తీసేయాలి. వ్యాసాన్ని బతికున్న మనిషికి పంపాలి. కొత్తగా సంపాదకులైనవాళ్ళకు అతను పాఠం చెప్పేది ఇదే. ఆ పాఠంలో అతను గొంతు పెంచే చోటు కూడా ఇదే.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రక్తహీనత మీద వచ్చిన ఇంకో వ్యాసం తీసుకున్నాడు. పట్టీలో ఆమె పేరు ఎంచుకుని, పిలుపు తనే పంపాడు. ఈసారి కంప్యూటరు పంపలేదు.

జవాబు వచ్చింది.

*

ఆ చలికాలమంతా అలా గడిచింది. సరస్సు గట్టిపడింది. పట్టపగలు మంచు పలక అడుగునుంచి మూలుగు వస్తుంది, పడుకున్న పెద్ద జంతువేదో పక్కకు ఒత్తిగిలినట్టు. ఆ ఊరివాళ్ళు దానికి తల కూడా ఎత్తరు. ఆర్విడ్ ఆ ఏడు తల ఎత్తి వినేవాడు.

ఆమె చూసిన వ్యాసాల మీద నిర్ణయం ఇప్పుడు అతనే తీసుకునేవాడు. ఉపసంపాదకుడికి పంపితే అతను పేరు చూస్తాడు. నియమం గుర్తుకు వచ్చింది. చనిపోయినావిడకు మొగుడు ఉండడు కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ సమాధానం ఇంకెవరైనా చెప్పి ఉంటే గదిలోంచి వెళ్ళగొట్టేవాడు.

రెండో గడి ఏం చెబితే అది చేసేవాడు. మఫ్లర్ చుట్టుకున్నాడు. సూప్‌లో సోయికూర వేశాడు.

"ఏంటి, మెడకి మఫ్లరూ, గడ్డం నున్నగానూ! ఎవరైనా తగిలిందా ముసలాయనా?" అంది బెర్నీ ఒకరోజు.

"చలి."

"చలి నిరుడు కూడా ఉంది." ఆమె నవ్వబోయి అతని ముఖం చూసి ఆపేసింది. "ఆర్విడ్, ఇంకా పంపుతున్నావా ఆవిడకి?"

అతను మఫ్లర్ కొస సర్దుకున్నాడు.

"శవానికి పిలుపులు పంపడం నాకు చేతకాదు. ఆ పని నువ్వే చేసుకో. నేను టైపు చెయ్యను" అని వెళ్ళిపోయింది.

జనవరిలో ఒక గడిలో 'తూర్పు కిటికీ గడియ సరిగా పడదు. మంచు లోపలికి వస్తుంది' అని వచ్చింది. తూర్పు కిటికీ హెల్మి గదిలో ఉంది. ఆమె పోయాక ఆ గది తలుపు తెరవలేదు. ఆర్విడ్ భోజనాల వేళకే ఇంటికి నడిచి, తాళం తీశాడు. గదిలో ఆమె రాత్రుళ్ళు వెలిగించే కొవ్వొత్తుల వాసన లేదు, మందుల వాసన లేదు. ఏ వాసనా లేదు. కిటికీ గడియ ఊడి ఉంది. గట్టు మీద సన్నగా, గీత గీసినట్టు మంచు. అతను అరచేత్తో తుడిచి, చేతిలో పట్టుకుని చూశాడు. కరగడానికి చాలాసేపు పట్టింది. తన చేయి అంత చల్లగా ఉందా అనుకున్నాడు.

గడియ బిగించి వేశాడు. తలుపు మాత్రం మూయలేదు. ఆ రోజునుంచీ అది తెరిచే ఉంది.

*

మంచు మెత్తబడి పొగమంచు పట్టే రోజుల్లో ఆ వ్యాసం వచ్చింది. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిన ముసలివాళ్ళకు రక్తం పలచబరిచే మందు నెలల తరబడి ఇస్తారు. అంతకాలం అక్కర్లేదు, తొందరగా ఆపేయవచ్చు, ఆపినవాళ్ళు సుఖంగా ఉన్నారు అని ఆ వ్యాసం. ఎవరు రాశారో ఆర్విడ్‌కు తెలియదు. నిర్ణయం అయ్యేదాకా రాసినవాళ్ళ పేర్లు చూడకపోవడం అతని పద్ధతి. పేర్లున్న మొదటి పేజీ తీసేసి మిగతాది అతనికి ఇవ్వడం బెర్నీ పని. పేరు చూస్తే తీర్పు ఒక పక్కకు ఒరుగుతుందని అతను అనేవాడు.

ఇద్దరికి పంపాడు. ఒకరు గనుల ఊళ్ళో డాక్టరు, మొరటు మనిషి. ఆయన రాసింది రెండు వాక్యాలు. 'జాడ తెలియనివారు అన్న వరుసలో ఇంతమంది ఉన్నారేమిటి? వీళ్ళెక్కడికి పోయారో చెప్పేదాకా దీన్ని వేయొద్దు.'

రెండోది హెల్మిది. 'మంచి పని. చిన్న సవరణలతో ప్రచురించవచ్చు.' రెండో గడిలో, 'దీన్ని వెయ్యి ఆర్విడ్. నా కోసం.'

అతను చాలాసేపు ఆ మాటలనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అంగీకారం రాసి పంపేశాడు.

అచ్చు ప్రతి తయారై వచ్చిన రోజు బెర్నీ దాన్ని, ఎప్పటిలాగే పేర్ల పేజీ తీసేసి, అతని బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. బయట పొగమంచు కిటికీ అద్దాన్ని ఆనుకుని ఉంది. వంతెన కనిపించడం లేదు. ఓడ ఒకటి రేవు దొరక్క కూత పెడుతోంది.

"మా లెన్ ఈ మందే మింగుతున్నాడు" అంది. లెన్ ఆమె మొగుడు.

"తెలుసు."

"నువ్వు దీన్ని వేసిన మర్నాడు వాళ్ళ డాక్టరు ఆపేస్తాడు. ఆయన బైబిలుకంటే నీ పత్రికని ఎక్కువ నమ్ముతాడు, ఆ పిచ్చిమనిషి. అందుకని అడుగుతున్నా. ఆపితే లెన్‌కి ఏం కాదుగా?"

"పరిశీలకులు చూశారు."

"ఒకాయన వద్దన్నాడు."

"నిర్ణయం నాది బెర్నీ."

"నీది అయితే నేనిక్కడ నిలబడను. ఇది నీది కాదు. ఆవిడది. అదే నా భయం."

"హెల్మికి రక్తం గురించి నీకంటే తెలుసు!"

"హెల్మికి తెలుసు" అంది బెర్నీ నెమ్మదిగా. "హెల్మి పోయింది ఆర్విడ్. శవపేటిక వెనకాల నేను నీ పక్కనే నడిచాను."

ఆమె వెళ్ళాక అతను ఆ పరిశీలన మళ్ళీ తీశాడు. కోపంతోనే తీశాడు, బెర్నీకి ముఖం మీద చూపిద్దామని. మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. ఏదో లేదు. ఇంట్లో రోజూ కనిపించే కుర్చీ తీసేస్తే, ఏం తీశారో తెలియకముందే గది బోసిపోయినట్టు అనిపిస్తుంది. అలా ఉంది.

చనిపోయినవాళ్ళు ఏ పట్టికలో ఉన్నారని ఆమె అడగలేదు.

ఇంకొకటి. పెళ్ళయిన నాటినుంచీ హెల్మి అతన్ని 'నా కోసం' అని ఏదీ అడగలేదు. నొప్పి తట్టుకోలేని రోజున మంచినీళ్ళు కూడా అలా అడగలేదు.

సంపాదకుడు పరిశీలకుడికి తిరిగి ప్రశ్న పంపవచ్చు. ఆర్విడ్ కీబోర్డు దగ్గరికి లాక్కుని ఒకే ఒక్క వాక్యం కొట్టాడు. 'చనిపోయినవాళ్ళు ఎక్కడ?' పంపాడు. బయట ఓడ కూత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి తనకే పరాయిగా వినిపించింది.

జవాబు మర్నాడు పొద్దున ఉంది. సంతకం లేదు.

'అది అడగాల్సింది నన్ను కాదు.'

మెడ వెనక చల్లగా ఏదో పాకింది. అతను లేచి మఫ్లర్ తీసి కుర్చీకి వేశాడు. వేలెత్తి చూపించినట్టే ఉంది ఆ మాట. ఎవరిని అడగాలో సంపాదకుడికి తెలియాలి. రాసినవాళ్ళను అడగాలి. ఆ పని అతను చేయలేదు.

"బెర్నీ! ఆ వ్యాసం మొదటి పేజీ తీసుకురా. అచ్చు ఆపమని చెప్పు."

ఆమె పరుగులాంటి నడకతో తెచ్చింది. పేర్లు వరుసగా ఉన్నాయి. పైన ఆసుపత్రిలో పెద్ద డాక్టరు పేరు. అన్నింటికంటే కింద టోబియాస్ ఎంగ్‌స్ట్రోమ్.

"ఈ పేరు నువ్వు చూడలేదా?" అన్నాడు.

"చూశాను. మన టోబీయే కదా అనుకున్నా. చనిపోయినావిడ తరఫున ఎవరు మాట్లాడుతున్నారో నాకేం తెలుసు! నువ్వు చెప్పనిచ్చావా?"

*

టోబియాస్ మధ్యాహ్నం వచ్చాడు. పొగమంచులో నడిచి వచ్చినందుకు జుట్టూ కోటూ తడిసి ఉన్నాయి. హెల్మి మంచం పక్కన కూర్చున్నప్పుడు ఉన్నంత చిన్నవాడు కాదు ఇప్పుడు. ఆర్విడ్ కూర్చోమనలేదు. చలికాలమంతా వచ్చిన కాగితాలు జేబులోంచి తీసి బల్ల మీద పరిచాడు.

"ఇవి నువ్వు రాశావా?"

కుర్రవాడు చూసి కళ్ళు దించుకున్నాడు. "రాశాను సర్."

"ఎందుకు?"

"పరిశీలనలకి ఆవిడ వాడే మెయిలు నా దగ్గరే ఉండేది. పిలుపు వచ్చింది. ఒప్పుకుంటున్నాను, తీరిక లేదు, ఇది నా విషయం కాదు... ఇవే బటన్లు. చనిపోయారు అని బటన్ లేదు సర్. అబద్ధం కానిది ఏది నొక్కాలో తెలీలేదు."

"అందుకని అన్నిటికంటే పెద్ద అబద్ధం నొక్కావు."

"ఆవిడ ఎలా రాస్తారో నాకు వచ్చు. రాస్తుంటే పక్కన ఉన్నట్టే ఉండేది. మీరు మళ్ళీ పంపారు. మీకు కూడా కావాలేమో అనుకున్నాను."

ఆ మాట నిజం కావడం ఆర్విడ్‌కు నచ్చలేదు. "నా గిన్నె మాడిన సంగతి నీకెలా తెలుసు?"

"మీరెప్పుడూ మాడుస్తారుగా సర్. ఆవిడ చెప్పి నవ్వేవారు."

"కిటికీ?"

"ఆ గడియ నేను చూస్తుండగానే ఊడింది. బాగుచేయిస్తానని మీరే అన్నారు."

పక్క గదిలో బెర్నీ టైపు చేయడం ఆపేసింది.

"ఈ వరుసలో ఉన్నవాళ్ళు" అని ఆర్విడ్ వ్యాసం పట్టిక మీద వేలు పెట్టాడు. "జాడ తెలియనివాళ్ళు. జాడ నీకు తెలుసా?"

"మా పెద్దాయన అలా రాయమన్నారు. మందు ఆపిన తర్వాత వాళ్ళు మా దగ్గరికి రాలేదు కాబట్టి..."

"ఎక్కడున్నారు?"

కుర్రవాడు పట్టిక మీంచి చూపు తిప్పుకున్నాడు.

"స్మశానంలో ఉన్నారు, అంతేనా?"

"చాలామంది సర్. గడ్డలు మళ్ళీ కట్టి."

"ఆ సంగతి తెలిసి, నీ వ్యాసానికి నువ్వే సిఫారసు రాసుకున్నావు. ఆ ఒక్క ప్రశ్న తీసేసి. ఆమె పేరు పెట్టి."

"తప్పే. కానీ మీరు అన్నీ కొత్తగా చేశానని అనుకుంటున్నారు." టోబియాస్ మొదటిసారి తల ఎత్తాడు. ఏడుస్తున్నాడు. "చివరి రెండేళ్ళు కూడా నేనే రాశాను సర్. మొదట్లో ఆవిడ చెప్పేవారు. తర్వాత మందు మత్తులో మధ్యలోనే నిద్రపోయేవారు. గడువు దాటిపోతుందని నేనే పూర్తి చేసేవాణ్ణి."

"రెండో గడి?"

"ఖాళీగా వస్తే మీరు కంగారు పడతారనిపించింది."

ఆర్విడ్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్నప్పుడు అనని మాటలు. చనిపోయాక అతను నోటికి వచ్చేదాకా చదువుకున్న మాటలు. సాయంత్రం గుమ్మంలో ఎదురై కోటు తొడుక్కున్న ఈ మనిషి చేతులే వాటిని రాశాయి.

"ఏవి ఆవిడ చెప్పినవో, ఏవి నావో నాకు గుర్తుంది సర్. కావాలంటే విడదీసి..."

"నోరు ముయ్యి."

టోబియాస్ చేతి వెనకవైపుతో ముఖం తుడుచుకుని, వెళ్ళడానికి ముందు బల్ల మీది కాగితాలు వరుసగా సర్దబోయాడు. చివరి కాగితం దగ్గర ఆగాడు. దగ్గరికి పెట్టుకుని చదివాడు. అతని ముఖంలో ఉన్న కాస్త రంగు పోయింది.

"ఇది నాది కాదు."

"ఏది?"

"'అది అడగాల్సింది నన్ను కాదు' అన్న ముక్క. ఇది నేను రాయలేదు. మా వ్యాసానికి సిఫారసు పంపిన రోజే నాకు భయం వేసింది. ఇంకోసారి తెరవకూడదని, కళ్ళు మూసుకుని తోచిన అక్షరాలు కొట్టి పాస్‌వర్డ్ మార్చేశాను. ఏం కొట్టానో నాకే తెలీదు. అప్పటినుంచి ఆ మెయిలు నేను తెరవలేదు, తెరవలేను. మీరు ప్రశ్న పంపారని కూడా ఇప్పుడే తెలిసింది."

"బయటికి నడు."

"సర్, ఒట్టు..."

"నడు!"

అబద్ధాలకోరు వెళ్తూ వెళ్తూ ఒక్క మాటను నిజంలా వదిలి వెళ్తాడు. మిగతావన్నీ దాని నీడలో దాక్కుంటాయని. ఆర్విడ్ అలాగే తీర్మానించుకున్నాడు. అయినా ఆ కాగితాన్ని వెంటనే తాకలేదు.

*

చేయాల్సినవి చేశాడు. ఆ వ్యాసం అచ్చు కాలేదు. ఆసుపత్రికీ సంఘానికీ అన్నీ రాసి పంపాడు, టోబియాస్‌నూ పెద్ద డాక్టరునూ తననూ కలిపి. ఆ చలికాలం హెల్మి పేరుతో పరిశీలన జరిగిన వ్యాసాలన్నిటికీ ప్రకటన వేశాడు. వాటిని పత్రికలోంచి చెరిపేయరు. అక్కడే ఉంచి, ప్రతి పేజీ మీద అడ్డంగా ఉపసంహరించినట్టు ముద్ర వేస్తారు. ప్రకటనలో రెండు వాక్యాలు. 'ఈ వ్యాసాలను పరిశీలించినట్టు నమోదైన వ్యక్తి అప్పటికి జీవించి లేరు. ఆ సంగతి సంపాదకుడికి తెలుసు.' రెండో వాక్యం తీసేయమని సంఘం లాయరు రెండుసార్లు ఫోను చేశాడు. ఆర్విడ్ తీయలేదు.

టోబియాస్ క్షమించమని రాసిన మెయిళ్ళు అతను తెరవకుండానే తుడిచేశాడు. ఇంకా చిన్నవాడు, బతకాలి కదా అని ఆసుపత్రినుంచి ఎవరో అన్నారు. ఆ జాడ తెలియని వరుసలో ఉన్నవాళ్ళు కూడా బతకాలనే అనుకున్నారని చెప్పి ఫోను పెట్టేశాడు.

రాజీనామా చేసేముందు చివరి పనిగా పట్టీలోంచి హెల్మి పేరు తీసేశాడు. కారణం చెప్పమని కంప్యూటరు అడిగింది. తీరిక లేదు. విషయం మారింది. ఊరు మారింది. అతను కావలసిన మాట కోసం పైకీ కిందికీ వెతికాడు. లేదు. 'ఇతర కారణం' నొక్కాడు.

ఇంటికి వెళ్ళి, పాతవీ కొత్తవీ, రెండో గడి కాగితాలన్నీ తీశాడు. పెరట్లో హెల్మి వాళ్ళ నాన్న కట్టిన ఆవిరి స్నానాల గది ఉంది. దాని పొయ్యిలో పెట్టి అంటించాడు. ఏది ఎవరిదో విడదీయలేదు. అవి మండుతున్నంతసేపూ రాళ్ళ మీద నీళ్ళు పోసినట్టు సన్నని చప్పుడు వచ్చింది. నీళ్ళు ఎవరూ పోయలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బెర్నీ వచ్చింది. చేతిలో రై గింజల పిండితో చేసిన రొట్టె. అరుగు మీద కూర్చుంది కానీ కోటు విప్పలేదు.

"లెన్ బాగున్నాడు. మందు మింగుతూనే ఉన్నాడు, తిట్టుకుంటూ" అంది.

"మంచిది."

"ఆసుపత్రివాళ్ళ విచారణ అయిపోయింది. ఆ కుర్రాడికి లైసెన్సు పోయింది. పెద్దాయనకి ఉద్యోగం పోయింది."

"మంచిది."

బెర్నీ రొట్టె మూట ముడి విప్పి, మళ్ళీ వేసింది. ఎండలో కూర్చున్నా ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"ఆ చివరి జవాబు. అది ఎక్కడినుంచి వచ్చిందో కంప్యూటరు వాళ్ళు తేల్చారు ఆర్విడ్. నాకు చెప్పారు. నేను వాళ్ళ చేత రెండోసారి చూపించుకున్నాను."

ఆర్విడ్ సరస్సు వైపు చూశాడు. మంచు లేదు, పొగమంచు లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంట్లో తెరిచి ఉన్న హెల్మి గది తలుపు చిన్నగా కదిలింది. బెర్నీ ఆ తలుపు వైపే చూస్తోంది.

"చెప్పనా?"

"వద్దు."

"ఒక్క మాటే."

"వద్దన్నాను." అతను లేచి లోపలికి వెళ్ళి, హెల్మి గది తలుపు మూసి, తాళం వేసి తిరిగి వచ్చాడు. "ఈ సంగతి ఇంకోసారి నా ముందు ఎత్తకు బెర్నీ. నేనూ ఎత్తను. ఎవరడిగినా ఎత్తను. నేను పోయేదాకా ఇక దీని గురించి నా నోటెంట ఒక్క మాట రాదు."